పిల్లల ఎక్స్‌రే, సీటీల్లో రేడియేషన్ తగ్గించే పనినే కెరీర్‌గా పెట్టుకోవచ్చా? సీనియర్లు చెప్పండి

ప్రశ్న: ఆదోని పీజీ

నమస్కారం. నేను రేడియాలజీ పీజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మాది ఆదోని. ఎంబీబీఎస్ కర్నూల్లోనే చదివాను.

పోయిన నెల నైట్ డ్యూటీలో ఉండగా ఎమ్మిగనూరు వైపు నుంచి ఒకామె నాలుగేళ్ల కొడుకును ఎత్తుకొని వచ్చింది. వారంగా దగ్గు, జ్వరం. ఆమె చేతిలో బట్టల షాపు కవరు ఉంది. ఏడాదిగా వేర్వేరు చోట్ల తీయించిన ఫిల్ములన్నీ అందులో చుట్టి పెట్టుకుంది. లైట్‌బాక్స్ మీద ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఛాతీ ఎక్స్‌రేలు ఐదు, తల సీటీ ఒకటి. ఒక ఛాతీ ఫిల్ములో బాబు దవడ నుంచి తొడల దాకా ఉన్నాడు. సీటీ ఎందుకు తీశారమ్మా అని అడిగితే, "మంచం మింద నుంచి పడినాడు మేడమ్. ఏడ్సి ఏడ్సి నిద్రపోయినాడు. ఎందుకైనా మంచిదని తీపిచ్చినాం" అనింది.

ఆమెను ఏమనగలం? చీటీ రాసిన డాక్టరుకు భయం, తీసినవాళ్లకు తొందర. రిపోర్టు రాసినవాళ్లకు బాబు కనపడడు, ఫిల్మే కనపడుతుంది. నేనూ రోజూ అలాగే రాస్తున్నాను. ఆ రాత్రి నుంచి ఈ విషయం మనసులోంచి పోవడం లేదు.

పీజీ అయ్యాక పిల్లల రేడియాలజీలోకి వెళ్లి, ముఖ్యంగా ఈ డోసు తగ్గించే పనే చేయాలని ఉంది. మన సీమలో ఉండి ఇది చేయగలమా, లేక పెద్ద సిటీకి పోవాల్సిందేనా? ఈ పనినే జీవితంగా పెట్టుకున్న లేడీ డాక్టర్లు ఎవరైనా ఉన్నారా? ఇంకో సంగతి కూడా అడుగుతున్నాను, ఏమనుకోకండి. రేడియేషన్ దగ్గర పనిచేస్తే పెళ్లయ్యాక పిల్లలకు ఇబ్బంది అవుతుందని ఎవరో చెప్పారట, మా అమ్మ రోజూ ఫోన్లో అదే టెన్షన్ పడుతోంది. ఆమెకు ఏం చెప్పాలి?


జవాబు: అనంతపురం రేడియాలజిస్ట్

డాక్టరమ్మా, మంచి ఆలోచన. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మన వైపు చిన్నపిల్లల ఇమేజింగ్ అంటూ విడిగా ఉద్యోగం ఉండదు. సెంటర్ వాళ్లు నెలాఖరుకు అడిగేది ఎన్ని స్కాన్లు అయ్యాయని. ఎన్ని అనవసరమని ఆపావో ఎవరూ అడగరు. నేను ఒక చోట రెండు మూడు సీటీలు వద్దని వెనక్కి పంపితే, ఆ డాక్టర్లు పక్క సెంటరుకు రాయడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండా నేను అక్కడ మానేయాల్సి వచ్చింది. మాకు బెంగళూరు దగ్గర. నువ్వూ అటు వెళ్లి ఒక పెద్ద పిల్లల ఆస్పత్రిలో ఫెలోషిప్ చేసి, అక్కడే స్థిరపడితే నీ ఆశ తీరుతుందని నా అభిప్రాయం. నిరుత్సాహపరచాలని కాదు, ముందే తెలిసి ఉండాలని చెప్తున్నా.


జవాబు: కడప డాక్టరమ్మ

తల్లీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అనంతపురం సార్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయినా నేను ఇక్కడే ఉన్నాను, ఇరవై ఆరేళ్లుగా. నువ్వు చదివిన కాలేజీలోనే నేనూ చదివాను. మొదట కర్నూల్లో, తర్వాత కడపలో పనిచేశాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదువు.

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సెంటరులో ఉండగా మైదుకూరు వైపు నుంచి ఏడాదిన్నర పాపను తెచ్చారు. ఉండుండి కాళ్లు పొట్టకు ముడుచుకొని ఏడుస్తోంది, కాసేపు ఊరుకుంటుంది, మళ్లీ ఏడుస్తుంది. పేగులో పేగు దూరిందేమోనని సర్జన్‌కు అనుమానం. ఆ రోజు అల్ట్రాసౌండ్ చూసే డాక్టరు లేరు. సీటీ తీశారు. మందు ఎక్కించకముందు ఒకసారి, ఎక్కించాక రెండుసార్లు. పక్క గదిలో కూర్చుని నేను రిపోర్టు రాశాను. జబ్బు తేలింది, పాప బాగై ఇంటికి పోయింది. అందరం సంతోషించాం, నేను మర్చిపోయాను కూడా.

కొన్నేళ్ల తర్వాత ఒక సీనియర్ నా చేతిలో నాలుగు కాగితాలు పెట్టి, చదువమ్మా అన్నారు. చదివి నేరుగా కన్సోల్ దగ్గరికి వెళ్లి, ఆ నెలలో తీసిన పిల్లల సీటీలన్నీ తెరవమని టెక్నీషియన్‌ను అడిగాను. ఐదేళ్ల లోపు వాళ్లు పదకొండు మంది. తొమ్మిది మందికి తెర మీద పైన 'అడల్ట్' అనే ఉంది. టెక్నీషియన్ మంచివాడు, పనిమంతుడు. "పిల్లోళ్లకు వేరే పెట్టమని ఎవురూ చెప్పలేదు మేడమ్" అన్నాడు. ఎవరూ అంటే నేనే కదా! నాకప్పుడు మైదుకూరు పాప గుర్తొచ్చింది. అల్ట్రాసౌండ్‌లో ఐదు నిమిషాల్లో, గుండ్రటి చక్రంలా కళ్లకు కట్టే జబ్బు అది. దానికి పెద్దవాళ్ల డోసుతో మూడుసార్లు సీటీ తిప్పాం.

ఆ రోజు ఇంకొకటి గమనించాను. నా కోటుకు టీఎల్‌డీ బ్యాడ్జి ఉంది. మూడు నెలలకోసారి అది ల్యాబుకు పోయి, నాకెంత రేడియేషన్ తగిలిందో నంబరు వస్తుంది. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత) మించకూడదు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు అని ఏఈఆర్‌బీ, అంటే మన దేశంలో రేడియేషన్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, నాకు హద్దు గీసింది. టేబుల్ మీద పడుకున్న బిడ్డకు బ్యాడ్జి లేదు. హద్దూ లేదు. పేషెంటుకు హద్దు పెడితే నిజంగా కావాల్సిన స్కాన్ ఆగిపోతుంది కాబట్టి ఎక్కడా పెట్టరు, పెట్టకూడదు కూడా. అంటే ఆ బిడ్డ లెక్క చూసేవాళ్లు మనం తప్ప ఎవరూ లేరు. ఆ తర్వాత నేను చేసిందంతా ఈ లెక్క చూసే పనే.

ఆ నాలుగు కాగితాలు ఏమిటో చెప్తాను, నీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మార్లిన్ గోస్కే అని, అమెరికాలో సిన్సినాటి చిల్డ్రన్స్ ఆస్పత్రిలో పనిచేసిన పిల్లల రేడియాలజిస్టు. 2001లో అక్కడి రేడియాలజీ పత్రికలో, పిల్లల సీటీలు చాలాచోట్ల పెద్దవాళ్ల సెట్టింగుల మీదే తీస్తున్నారని వ్యాసాలొచ్చాయి. పేపర్లకు ఎక్కింది, తల్లిదండ్రులు హడలిపోయారు. గోస్కే చేసిన పని ఏమిటంటే, పిల్లల రేడియాలజిస్టుల సంఘాన్ని, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ అనే రేడియాలజిస్టుల సంఘాన్ని, టెక్నాలజిస్టుల సంఘాన్ని, మెడికల్ ఫిజిసిస్టుల సంఘాన్ని ఒక చోట కూర్చోబెట్టడం. ఆ కూటమికి ఆమే మొదటి అధ్యక్షురాలు. 2008 జనవరిలో 'ఇమేజ్ జెంట్లీ' అని ప్రచారం మొదలుపెట్టారు. నా చేతికొచ్చిన కాగితాలు దాని గురించే.

వాళ్లు చెప్పినవి పెద్ద పెద్ద సిద్ధాంతాలు కావు. బిడ్డ సైజుకు తగ్గట్టు కేవీ, ఎమ్ఏ (కిరణాల బలం, మోతాదు) తగ్గించండి. ఒకసారి తిప్పితే తేలేదానికి రెండోసారి తిప్పకండి. అడిగిన భాగమే తీయండి. అవసరం లేకపోతే అసలు తీయకండి. అంతే. నాకు ఆమెలో బాగా నచ్చింది, టెక్నాలజిస్టును మొదటి రోజే డాక్టరు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టడం. బటన్ నొక్కేది అతను. మన దగ్గర ఎన్ని కాన్ఫరెన్సులు జరుగుతాయి, ఒక్క టెక్నీషియన్‌నైనా పిలుస్తామా? పిలవకుండా డోసు తగ్గలేదంటే ఎలా తగ్గుతుంది?

ఇంకా ఆమె భయపెట్టే దారి పట్టలేదు. స్కాన్ తీయించొద్దని తల్లులకు చెప్పలేదు. మా పని మేం సరిగ్గా చేస్తామని తోటి డాక్టర్ల చేత, టెక్నాలజిస్టుల చేత మాట ఇప్పించింది. బిడ్డకు ఎప్పుడు ఏ స్కాన్ తీశారో తల్లులు రాసిపెట్టుకోవడానికి ఒక కార్డు తయారు చేయించారు. నేను ఆ కార్డు అచ్చు వేయించలేదు. మన తల్లులు టీకాల కార్డును ప్రాణంలా దాచుకుంటారు గదా, దాని వెనకే సీటీ తేదీ, ఏ భాగం తీశామో రాసి ఇస్తున్నాను. పదిహేనేళ్లుగా రాస్తున్నా.

తర్వాత 2013లో ఆమె బృందం ఆరు పిల్లల ఆస్పత్రుల నుంచి పొట్ట సీటీల డోసులు సేకరించి, ఎంత లావు బిడ్డకు ఎంత డోసు ఉండొచ్చో లెక్క కట్టింది. వయసు చూసి కాదు, ఒంటి వెడల్పు చూసి. ఇది మనకు ఎంత పనికొస్తుందో ఆలోచించు. నా దగ్గరికి వచ్చే ఆరేళ్ల పిల్లల్లో ఒకడు పద్నాలుగు కిలోలు ఉంటాడు, ఇంకొకడు ఇరవై ఐదు ఉంటాడు. ఇద్దరికీ వయసు ఒకటే అని ఒకే సెట్టింగ్ పెడితే ఎట్లా? ఎక్స్‌రేలకు మూడు నాలుగు సెంటీమీటర్ల కండ అడ్డొస్తేనే సగం తగ్గిపోతాయి. సన్న బిడ్డకు పెద్దవాళ్ల డోసు పెడితే ఆ కిరణాలు ఒంట్లో ఏ మూలనూ వదలవు.

గోస్కే కంటే యాభై ఏళ్ల ముందు ఇంకో డాక్టరమ్మ ఉండేది. ఆలిస్ స్టూవర్ట్, ఇంగ్లండ్ ఆమె. 1950లలో అక్కడ రెండు మూడేళ్ల పిల్లలు లుకీమియాతో ఎక్కువగా పోతున్నారు. కారణం వెతకాలంటే డబ్బు లేదు. లేడీ టాటా మెమోరియల్ ట్రస్టు ఇచ్చిన వెయ్యి పౌండ్లతో మొదలుపెట్టింది. మన టాటాల ఇంటి కోడలు మెహర్‌బాయి లుకీమియాతో పోతే ఆమె పేరు మీద పెట్టిన ట్రస్టు అది. స్టూవర్ట్ చేసింది ఒక్కటే, తల్లుల్ని అడగడం. డాక్టర్లు రాసుకోనివి తల్లులకు గుర్తుంటాయని నమ్మింది. కడుపుతో ఉన్నప్పుడు పొట్టకు ఎక్స్‌రే తీశారని చెప్పినవాళ్లు, బిడ్డ క్యాన్సర్‌తో పోయిన తల్లుల్లో దాదాపు రెట్టింపు మంది తేలారు. 1956లో ఒకసారి, 1958లో వివరంగా అచ్చేసింది. వైద్యలోకం ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్ల దాకా పట్టింది. ఆమె 2002లో చనిపోయే దాకా ఆ మాట మీదే నిలబడింది.

నీకు ఆ రాత్రి బట్టల షాపు కవరు అందించింది కూడా ఒక తల్లే. నీ డిపార్ట్‌మెంట్ రిజిస్టర్లలో ఎక్కడా లేని లెక్క ఆ కవరులో ఉంది.

ఇక్కడ ఉండి ఏం చేయొచ్చో చెప్తా. అన్నిటికంటే ముందు అల్ట్రాసౌండ్. రాత్రి రెండు గంటలకు ఫోన్ వస్తే లేచి వచ్చి ప్రోబ్ పట్టుకునే రేడియాలజిస్టు ఉన్న ఊళ్లో పిల్లలకు అనవసరపు పొట్ట సీటీలు పడవు. అపెండిక్స్ అయినా, పేగు మెలికైనా ముందు అల్ట్రాసౌండే. మైదుకూరు పాప తర్వాత నేను పెట్టుకున్న నియమం ఇదొక్కటే. పిల్లల కేసు అంటే ఎంత రాత్రైనా నేనే వస్తాను. మా ఇంటాయన ఎన్ని రాత్రులు బండి మీద దింపాడో లెక్క లేదు. ఖర్చు లేదు, మెషిన్ కొనే పని లేదు, కానీ నిద్ర పోతుంది. ఈ మాట ముందే తెలుసుకో.

రెండోది, పిల్లల డాక్టర్లతో స్నేహం. అనంతపురం సార్‌కు జరిగినట్టు నాకూ జరిగింది, రెఫరల్స్ తగ్గాయి. అప్పటి నుంచి చీటీ వెనక్కి పంపడం మానేసి, ఫోన్ చేయడం మొదలుపెట్టాను. "సార్, మీ అనుమానం ఏంటి? దానికి ఇది తీస్తే తేలుతుంది" అని అడుగుతాను. తలకు దెబ్బ తగిలిన కేసైతే 2009లో వచ్చిన పెద్ద అధ్యయనం సంగతి చెప్తాను. 42,412 మంది పిల్లల్ని చూసి తేల్చింది. రెండేళ్లు దాటిన బిడ్డ తెలివిగా ఉండి, స్పృహ తప్పకుండా, వాంతులు లేకుండా, విపరీతమైన తలనొప్పి లేకుండా, పుర్రె అడుగున విరిగిన గుర్తులు లేకుండా, పెద్ద ఎత్తు నుంచి పడడం లాంటిది కాకుండా ఉంటే ప్రమాదకరమైన దెబ్బ ఉండే అవకాశం నూటికి 0.05 కంటే తక్కువ. రెండేళ్ల లోపు వాళ్లకు లక్షణాల పట్టిక వేరే ఉంది, అది కూడా నేర్చుకో. మంచం మీది నుంచి పడి ఏడ్చి నిద్రపోయిన మీ ఎమ్మిగనూరు బాబును కొన్ని గంటలు వార్డులో కళ్ల ముందు పెట్టుకొని ఉంటే సరిపోయేదేమో. డాక్టరు భయం కూడా నిజమే, దాన్ని తేలిగ్గా తీసేయొద్దు. మన ఇద్దరి పేర్లూ కేస్‌షీట్‌లో రాద్దాం సార్ అంటే సగం భయం పోతుంది.

మూడోది, ఆర్ఎస్ఓ బాధ్యత తీసుకో. ప్రతి సెంటరుకూ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని ఏఈఆర్‌బీ నియమం. చాలాచోట్ల అది కాగితం మీది పేరు. నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటే మెషిన్ క్వాలిటీ టెస్టు ఎప్పుడైంది, పిల్లల ప్రోటోకాల్ ఎక్కడ అని అడిగే హక్కు వస్తుంది. ఇండియన్ సొసైటీ ఆఫ్ పీడియాట్రిక్ రేడియాలజీలో చేరు, ఫెలోషిప్ కూడా చెయ్యి. బెంగళూరు, చెన్నై ఎక్కడైనా చెయ్యి. చేసి వెనక్కి రా.

మీ అమ్మగారికి నీ బ్యాడ్జి రిపోర్టు చూపించు. నా ఇరవై ఆరేళ్ల రిపోర్టులు బీరువాలో ఉన్నాయి, ఏ ఏడాదీ 20కి దరిదాపుల్లోకి కూడా రాలేదు. కడుపుతో ఉన్నప్పుడు మేనేజ్‌మెంటుకు వెంటనే చెప్పాలి. చెప్పినప్పటి నుంచి కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకుండా డ్యూటీలు మార్చాలని నియమం. నేను ఆ నెలల్లో అల్ట్రాసౌండ్, ఎమ్మారై రిపోర్టులే చూశాను. నా ఇద్దరు పిల్లలూ ఇంజనీర్లు, బాగున్నారు. ఈ మాట కూడా అమ్మగారికి చెప్పు.


జవాబు: అనంతపురం ఎక్స్‌రే టెక్నీషియన్

మేడమ్ గారూ, మా గురించి రాసినందుకు సంతోషం. పందొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నా. పీజీ మేడమ్‌కు రెండు మాటలు చెప్తాను.

పిల్లలకు డోసు ఎక్కువ పడేది రిపీట్ల వల్ల. బిడ్డ కదిలిందని ఒకటి, ఒంటి మీదున్నది ఏదో అడ్డొచ్చిందని ఒకటి. మన పల్లెల్లో ప్రతి బిడ్డకూ మొలతాడు, దాంట్లో రాగి బిళ్ళ, మెడలో దిష్టి తాడుకు వెండి తాయెత్తు ఉంటాయి. ఛాతీ ఫిల్ములో తాయెత్తు సరిగ్గా ఊపిరితిత్తి మీద పడుతుంది. తీసేయమంటే తల్లులు ఒప్పుకోరు. తాయెత్తు బిడ్డ ఒంటి మీద నుంచి దిగితే కీడని వాళ్ల భయం. నేను ఒక ఉపాయం పట్టుకున్నా. "తీసి నీ చేతికే కట్టుకోమ్మా, బిడ్డను నువ్వే పట్టుకొని ఉంటావు గదా, రెండు నిమిషాలు నీ చేతిలో ఉంటే బిడ్డ మీద ఉన్నట్టే" అంటాను. ఒక్క తల్లి కూడా కాదనలేదు. ఆమెకు లెడ్ (సీసం) ఆప్రాన్ వేసి, కడుపుతో ఉన్నావా అని అడిగి, అప్పుడు బిడ్డను పట్టుకోమంటాను. ఉన్నానంటే నాయననో అవ్వనో పిలుస్తాం.

ఇంకోటి. పాత ఫిల్ముల కాలంలో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లగా మాడిపోయేది, డాక్టరు తిట్టేవాడు. ఇప్పుడు డిజిటల్‌లో ఎంత ఎక్కువ పెట్టినా బొమ్మ అందంగానే వస్తుంది. తక్కువైతేనే గింజలు గింజలుగా కనపడుతుంది, అప్పుడు తిడతారు. అందుకని అందరూ మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతారు, ఎవరికీ తెలియదు. కిరణాలు ఎంత పడ్డాయో చెప్పే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ నంబరు తెర మీద ఉంటుంది. రిపోర్టు రాసేటప్పుడు మీరు ఆ నంబరు ఒక్కసారి చూసి, ఎక్కువైందే అని మాకు ఫోన్ చేస్తే చాలు, మర్నాటి నుంచి తగ్గుతుంది.

బిడ్డ మందం కొలవడానికి కాలిపర్ అడిగితే మా దగ్గర కొనలేదు. వడ్రంగి దగ్గర చెక్కతో చేయించుకున్నా. చెప్పుల షాపులో పాదం కొలిచే చెక్క ఉంటుంది చూడండి, ముందుకీ వెనక్కీ జరిగేది, అట్లాంటిదే. 12 సెంటీమీటర్ల లోపు ఉంటే గ్రిడ్ (చెదిరిన కిరణాల్ని ఆపే జాలీ) వాడను. బొమ్మ పడే క్యాసెట్టును బకీలో (టేబుల్ కింద గ్రిడ్ ఉండే అరలో) పెట్టకుండా టేబుల్ మీదే, బిడ్డ కింద పెడతా. గ్రిడ్ లేకపోతే డోసు సగానికి సగం తగ్గించొచ్చు.

మేడమ్, ఒక సందేహం. బిడ్డ పొత్తికడుపు మీద లెడ్ ముక్క కప్పమని మాకు నేర్పించారు. ఇప్పుడు వద్దంటున్నారు. కప్పకపోతే తల్లులు అడుగుతున్నారు. ఏం చేయాలి?


జవాబు: కడప డాక్టరమ్మ

తాయెత్తును తల్లి చేతికి కట్టించే ఉపాయం నేనూ రేపటి నుంచి మా వాళ్లకు చెప్తాను, తమ్ముడూ. ఇన్నేళ్లలో నాకు తట్టలేదు.

లెడ్ ముక్క సంగతి. 2019లో అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం, పేషెంటు పొత్తికడుపు మీద అలవాటుగా కప్పే పద్ధతి మానేయమని చెప్పింది. తర్వాత మిగతా సంఘాలూ ఒప్పుకున్నాయి. కారణాలు: అది జరిగితే చూడాల్సిన ఎముక మీద పడి మళ్లీ తీయాల్సి వస్తుంది. ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ ఉన్న మెషిన్ అయితే లెడ్ అడ్డొచ్చిందని కిరణాలు ఇంకా పెంచుతుంది. ఒంటి లోపల చెదిరే కిరణాల్ని పైనున్న లెడ్ ఎలాగూ ఆపలేదు. దానికన్నా కిరణం పడే వెలుతురు చదరాన్ని ఛాతీ వరకే తగ్గించడం, నువ్వు చేస్తున్నట్టు గ్రిడ్ తీయడం వెయ్యి రెట్లు మేలు. తల్లి అడిగితే చిరాకు పడకుండా, "కిరణం ఇంతవరకే పడుతుందమ్మా" అని ఆ వెలుతురు చదరం చూపించు. పట్టుకున్న మనిషికి మాత్రం ఆప్రాన్ తప్పనిసరి, దాన్ని మానొద్దు.


జవాబు: ప్రొద్దుటూరు అమ్మ

డాక్టర్లు మాట్లాడుకుంటున్న చోట రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇవన్నీ చదువుతుంటే నాకు చేతులు వణుకుతున్నాయి మేడమ్. మా బాబుకు ఏడేళ్లు. రెండేళ్ల కిందట గాలిపటం ఎగరేస్తూ మిద్దె మీది నుంచి పడ్డాడు. నాలుగు సార్లు వాంతి చేసుకున్నాడు, పిలిస్తే సరిగా పలకలేదు. తలకు సీటీ తీశారు, లోపల రక్తం ఉందన్నారు. మర్నాడు మళ్లీ తీశారు. ఆపరేషన్ లేకుండానే తగ్గింది. ఇప్పుడు వాడికి ఏమైనా అవుతుందా? నేను తీయించకుండా ఉండాల్సిందా?


జవాబు: కడప డాక్టరమ్మ

అమ్మా, ముందు ఊపిరి పీల్చుకో. నువ్వు చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. మిద్దె మీది నుంచి పడి, వాంతులు చేసుకొని, పలకని బిడ్డకు సీటీ తీయకపోవడమే తప్పు. రక్తం పెరుగుతోందా లేదా తెలియాలంటే రెండోది కూడా కావాల్సిందే. నా మనవడైనా నేను అదే చేయిస్తాను.

లెక్క కూడా చెప్తాను, దాచను. 2023లో ఐరోపాలో తొమ్మిది దేశాల్లో సీటీ తీయించుకున్న తొమ్మిదిన్నర లక్షల మంది పిల్లలు, యువకుల వివరాలు చూశారు. ఇప్పటి డోసులతో పదివేల మంది పిల్లలకు ఒక్కో సీటీ తీస్తే, దాని మూలంగా తర్వాత ఐదు నుంచి పదిహేనేళ్లలో రక్త క్యాన్సర్ వచ్చేది ఒకరికో ఇద్దరికో అని తేలింది. మిగతా 9,998 మందికి ఆ స్కాన్ వల్ల అది రాదు. మీ బాబు తలలో రక్తం కనిపెట్టకుండా వదిలేస్తే ఏమయ్యేదో ఆ ప్రమాదం ముందు ఇది చాలా చిన్నది. అంత చిన్నదాన్ని కూడా అవసరం లేని బిడ్డ మీద ఎందుకు పెట్టాలన్నదే మా బాధ అంతా. మామూలు ఛాతీ ఎక్స్‌రే గురించైతే అసలు భయపడొద్దు. దాని డోసు 0.02 మిల్లీసీవర్ట్ ఉంటుంది. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనకు మామూలుగానే ఏడాదికి సగటున 2.4 వస్తుంది. అంటే ఎక్స్‌రే ఒకటి మూడు రోజుల బతుకుతో సమానం.

బాబుకు ప్రత్యేకంగా ఏ టెస్టులూ వద్దు. టీకాల కార్డు ఉంటే దాని వెనక ఆ రెండు సీటీల తేదీలు రాసిపెట్టుకో. ఇకముందు ఎవరైనా స్కాన్ రాస్తే ఆ కార్డు చూపించి, "ఇంతకుముందు ఇవి తీశారు సార్, ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో అవుతుందా?" అని అడుగు. అడగడం నీ హక్కు. లేదమ్మా, సీటీనే కావాలి అంటే నమ్మి తీయించు.


జవాబు: ప్రొద్దుటూరు అమ్మ

మీకు వేయి దండాలు మేడమ్. ఇప్పుడే బీరువాలోంచి కార్డు తీశాను.


ఆదోని పీజీ

అందరికీ ఎంతో రుణపడి ఉంటాను. మేడమ్, మీ జవాబు మా అమ్మకు ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. పిల్లలిద్దరూ ఇంజనీర్లు అన్న దగ్గర ఆపి, ఇంకోసారి చదవమంది.

నిన్న మా టెక్నీషియన్ అన్నతో కూర్చుని పిల్లల ఎక్స్‌పోజర్ చార్ట్ ఎక్కడుంది అని అడిగాను. గోడ మీద ఉన్నది పెద్దవాళ్లది ఒకటే, అదీ పాత మెషిన్‌ది. అనంతపురం అన్నా, మీ చెక్క కాలిపర్ కొలతలు పంపుతారా? ఇక్కడ వడ్రంగికి చెప్తాను.


అనంతపురం ఎక్స్‌రే టెక్నీషియన్

నిలువు చెక్క ఒకటిన్నర అడుగు, దాని మీద సెంటీమీటర్ల గీతలు. కింద పలక కదలదు, పైది జరుగుతుంది. పలకలు జానెడు పొడవు ఉండాలి, లేకుంటే బిడ్డ ఛాతీ మధ్య దాకా అందదు. అంచులు బాగా నున్నగా రుద్దించండి మేడమ్, పిల్లల ఒంటికి గీసుకుంటాయి. కొలిచే ముందు పై పలకను అరచేతిలో కాసేపు పట్టుకోండి. చలికాలంలో చల్లగా తగిలితే బిడ్డ ఏడుస్తుంది.


ఆదోని పీజీ

చేయించాను అన్నా, టేకు చెక్కతో. ఈరోజు పొద్దున మొదటి బిడ్డను కొలిచాం. కోడుమూరు పాప, రెండేళ్లు. 11 సెంటీమీటర్లు. గ్రిడ్ లేకుండా తీశాం. మెడ నుంచి పక్కటెముకల చివర దాకా, అంతవరకే ఉంది ఫిల్ములో. తాయెత్తు వాళ్లమ్మ చేతికే ఉంది.